నిద్రగన్నేరుకి టైమెవరు చెప్తారు?

మూడేళ్లు నైట్ షిఫ్ట్ చేశాను. అమెరికా వాళ్ల పగలు మా రాత్రి. తెల్లారి అయిదున్నరకి క్యాబ్ మా వీధి మలుపులో దింపేసి వెళ్లేది. ఆ మలుపులో ఒక పెద్ద నిద్రగన్నేరు. నేను దిగేసరికి దాని ఆకులు ఇంకా సగం ముడుచుకునే ఉండేవి. ఎండ పడకముందే, వెలుతురు సరిగ్గా రాకముందే, మెల్లగా విచ్చుకోవడం మొదలుపెట్టేవి. చెట్టు లేచే టైముకి నేను పడుకోడానికి వెళ్తున్నాను అన్నమాట.

షిఫ్టులో చేరిన రోజు టీమ్ లీడ్ ఒక మాట చెప్పాడు. "రెండు వారాలు కష్టంగా ఉంటుంది, తర్వాత బాడీ అలవాటు పడిపోతుంది" అని. మూడేళ్లయినా నాకు పడలేదు. పడకపోతే తప్పు నాదే అనుకున్నా. విల్ పవర్ లేదనుకున్నా. అంతకుముందు కాలేజీ రోజుల్లో రాత్రి రెండింటిదాకా చదివి బారెడు పొద్దెక్కాక లేచినప్పుడు కూడా ఇంట్లో ఇదే మాట: బద్ధకం. అంటే రాత్రి మేలుకోవడం చేతకావాలి, పొద్దున్నే లేవడమూ చేతకావాలి. రెండూ చేతకాని మనిషిని నేను.

సరిగ్గా ఆ రోజుల్లో చదివాను జొనాథన్ వీనర్ రాసిన 'టైమ్, లవ్, మెమరీ'. 1999లో వచ్చిన పుస్తకం. ఆ ఏడాది నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డు వచ్చింది. అప్పుడు క్యాబ్‌లో ఫోన్ వెలుతుర్లో చదివి, చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఇప్పుడు షిఫ్టు మానేసి, పగటి మనిషినై, రెండోసారి చదివాను. దణ్ణం అలాగే ఉంది కానీ కొన్ని గొడవలు కూడా ఉన్నాయి నాకు ఈ పుస్తకంతో. ఆ గొడవల కోసమే ఇది రాయడం.

ముందు పుస్తకం గురించి. దీని హీరో సైమోర్ బెంజర్. భౌతికశాస్త్రం చదివి జీవశాస్త్రంలోకి వచ్చినవాడు. బ్యాక్టీరియాల్ని తినే వైరస్‌ల మీద పనిచేసి, ఒక జన్యువు లోపలి భాగాల్ని కూడా మ్యాపు గీయొచ్చని చూపించి పేరు తెచ్చుకున్నాడు. అక్కడితో ఆగితే చాలు, చరిత్రలో ఉండిపోయేవాడు. ఆగలేదు. అరవైల మధ్యలో కాల్‌టెక్‌లో ఇంకో ప్రశ్న మొదలుపెట్టాడు. జన్యువులు కంటి రంగునీ రెక్క ఆకారాన్నీ నిర్ణయిస్తాయి సరే, ప్రవర్తనని కూడా నిర్ణయిస్తాయా? వెలుతురు వైపు వెళ్లాలా వద్దా, ఎప్పుడు లేవాలి, ఎవరి వెంట పడాలి, ఏది గుర్తుంచుకోవాలి? దీనికి ఆయన ఎంచుకున్న జీవి మనం మగ్గిన అరటిపండు మీద చూసే చిన్న పండు ఈగ.

వీనర్ ఈ కథ చెప్పే తీరు అద్భుతం. ఎదురెదురుగా పెట్టిన టెస్ట్ ట్యూబులు, ఒక చివర లైటు, ఈగలు అటు పరిగెత్తేవి ఎన్ని, పరిగెత్తనివి ఎన్ని. ఇంత చవక సామానుతో ఇంత పెద్ద ప్రశ్న అడగొచ్చా అనిపిస్తుంది. సైన్సు పుస్తకాల్లో మామూలుగా మనకి ఫలితాలు వడ్డిస్తారు. వీనర్ వంటగదిలోకి తీసుకెళ్తాడు. అక్కడి మసి, అక్కడి జోకులు, రాత్రుళ్లు పనిచేసే బెంజర్ అలవాటు, అన్నీ కనిపిస్తాయి.

పుస్తకం పేరులో మొదటి మాట 'టైమ్'. ఆ భాగానికి హీరో బెంజర్ కాదు, ఆయన దగ్గర చేరిన రోనాల్డ్ కొనోప్కా అనే విద్యార్థి. పండు ఈగలు ప్యూపాల్లోంచి ఎక్కువగా తెల్లవారుజామున బయటికొస్తాయి. చీకట్లో ఉంచినా సరే, ఆ లయ తప్పదు. కొనోప్కా చేసిన పని వినడానికి పిచ్చిగా ఉంటుంది. ఈగలకి రసాయనం పెట్టి జన్యువుల్లో మార్పులు తెప్పించడం, వాటి సంతానంలో టైము తప్పి పుట్టేవాటి కోసం సీసా తర్వాత సీసా వెతకడం. దొరికాయి. మూడు రకాలు. ఒకదాని రోజు 19 గంటలు. ఇంకోదాని రోజు 28 గంటలు. మూడోదానికి అసలు రోజే లేదు, ఎప్పుడు పడితే అప్పుడు లేస్తుంది, పడుకుంటుంది. అసలు విశేషం ఏంటంటే ఈ మూడు తప్పులూ ఒకే జన్యువులో ఉన్నాయి. దానికి 'పీరియడ్' అని పేరు పెట్టారు. 1971లో కొనోప్కా, బెంజర్ కలిసి ఆ పేపరు వేశారు. పేరున్న శాస్త్రవేత్త మాక్స్ డెల్‌బ్రూక్ అది అసాధ్యం అన్నాడట. సాధ్యమా అసాధ్యమా అనే చర్చ అనవసరం, దొరికేసింది కదా అన్నాడట బెంజర్. ఈ ఘట్టాన్ని వీనర్ రాసిన తీరుకి క్యాబ్‌లో ఒక్కడినే నవ్వుకున్నాను.

మూడేళ్లుగా 'నీలో ఏదో లోపం ఉంది' అని వింటున్నవాడికి 28 గంటల ఈగ పరిచయం కావడం చిన్న విషయం కాదు. ఆ ఈగని ఎవరూ బద్ధకస్తురాలు అనలేదు.

ఇక గొడవలు.

మొదటిది. వీనర్‌కి 'అణువు' అనే పోలిక మీద మోజు ఎక్కువ. పదార్థానికి అణువు ఎలాగో ప్రవర్తనకి జన్యువు అలాగ అన్నట్టు కథ నడుపుతాడు. కాలానికి పీరియడ్, ప్రేమకి ఫ్రూట్‌లెస్, జ్ఞాపకానికి డన్స్. మూడు జన్యువులు, మూడు పెద్ద మాటలు. కవిత్వంగా బాగుంది. కానీ గడియారం విషయంలో ఈ పోలిక మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పీరియడ్ అనే జన్యువు గడియారం కాదు. అది గడియారంలో ఒక చక్రం మాత్రమే.

అసలు సంగతి ఇలా ఉంటుంది. క్లాక్, సైకిల్ అనే రెండు ప్రోటీన్లు కలిసి పీరియడ్ జన్యువుని పనిచేయిస్తాయి. దాని నకళ్లు తయారవుతాయి, వాటినుంచి పీరియడ్ ప్రోటీన్ తయారవుతుంది. అది టైమ్‌లెస్ అనే ఇంకో ప్రోటీన్‌తో జతకట్టి రాత్రివేళ కణ కేంద్రకంలోకి వెళ్లి, తనని పుట్టించిన పనినే ఆపేస్తుంది. డబుల్‌టైమ్ అనే ఎంజైము మధ్యలో ఉండి పీరియడ్ ప్రోటీన్ త్వరగా పోగుపడకుండా ఆలస్యం చేస్తుంది. ఉదయానికి ఆ ప్రోటీన్లు విరిగి తరిగిపోతాయి. బ్రేక్ వదులుతుంది. మళ్లీ మొదలు. వెలుతురు పడితే టైమ్‌లెస్ విరిగిపోతుంది, అలా బయటి సూర్యుడితో లోపలి లెక్క రోజూ సరిచూసుకుంటుంది ఈగ.

మా ఊళ్లో చెరువు కింద పొలాలకి వంతులవారీగా నీళ్లు వదిలేవాళ్లు. తూము తీస్తారు, కాలవ నిండుతుంది, చివరి మడి తడిసిందని కబురు రావాలి, అప్పుడు తూము మూస్తారు. ఆ కబురు నడిచొచ్చేంత సేపూ నీళ్లు పారుతూనే ఉంటాయి. 'టైమ్' ఎక్కడుంది అక్కడ? తూములోనా, కాలవలోనా, కబురు తెచ్చేవాడిలోనా? ఆలస్యంలో ఉంది. గడియారం అనేది వస్తువు కాదు, వస్తువుల మధ్య ఉండే ఆలస్యం. వీనర్ రాసేనాటికి ఈ చక్రం బొమ్మ చాలావరకు తెలిసిపోయింది, ఆయన చెప్తాడు కూడా. కానీ చెప్తూనే మళ్లీ తన అణువు దగ్గరికి వెళ్లిపోతాడు. కథకుడికి హీరో కావాలి కదా.

ఆయన పుస్తకం వచ్చిన ఆరేళ్లకి జపాన్‌లో జరిగిన ఒక ప్రయోగం ఈ హీరో కథని ఇంకా ఇబ్బంది పెట్టింది. నీళ్లలో ఉండే సయనోబాక్టీరియాలో కై-ఎ, కై-బి, కై-సి అని మూడు గడియారపు ప్రోటీన్లు ఉంటాయి. 2005లో తకావో కోండో బృందం ఆ మూడింటినీ, శక్తినిచ్చే ఏటీపీనీ ఒక టెస్ట్ ట్యూబులో కలిపి పెట్టింది. కణం లేదు. కేంద్రకం లేదు. జన్యువు లేదు. అయినా ఆ ట్యూబులో కై-సి ప్రోటీన్‌కి ఫాస్ఫేట్లు అంటుకోవడం, ఊడిపోవడం ఇరవై నాలుగు గంటల లయలో జరుగుతూ పోయింది. గాజు గొట్టంలో నాలుగు చుక్కల నీళ్లు 'రోజు' లెక్కపెట్టాయి. ఇది తెలిశాక 'కాలానికి జన్యువు' అనే మాట వింటే కొంచెం నవ్వొస్తుంది.

రెండో గొడవ పెద్దది. వీనర్ 'ఎలా' అనే ప్రశ్నని అంత బాగా చెప్తాడు కాబట్టి 'ఎందుకు' అనేది మనం అడగడం మర్చిపోతాం. అసలు జీవికి లోపల గడియారం దేనికి? బయట సూర్యుడున్నాడు కదా. వెలుతురు రాగానే లేస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకంటే వెలుతురు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. మా వీధి నిద్రగన్నేరు ఎండ కోసం ఆగదు, ఎండ వచ్చేసరికి ఆకులు తెరిచి ఉంచుతుంది. రూత్ సాటర్ అనే శాస్త్రవేత్త డెబ్బైల్లో సరిగ్గా ఈ జాతి చెట్టు ఆకుల మీదే పనిచేసి, ఆకు మొదట్లో ఉండే ఉబ్బులోని కణాల్లోకి పొటాషియం, దాంతో నీళ్లు వచ్చిపోతూ ఉండటం వల్ల ఆకు కదులుతుందని చూపించింది. ఆ రాకపోకలకి లోపల ఒక టైంటేబుల్ ఉంది. గడియారం అంటే రాబోయేదాన్ని ముందే ఊహించడం.

దీన్ని మాటల్లో చెప్పడం తేలిక, రుజువు చేయడం కష్టం. నాకు తెలిసినంతలో అన్నిటికంటే అందమైన రుజువు 1998లో వచ్చింది, అంటే వీనర్ పుస్తకానికి ఏడాది ముందు. మళ్లీ సయనోబాక్టీరియాలే. మామూలు గడియారం ఉన్నవి, పొట్టి రోజు ఉన్నవి, 30 గంటల పొడుగు రోజు ఉన్నవి. విడివిడిగా పెంచితే అన్నీ దాదాపు ఒకేలా పెరిగాయి. కలిపి పెంచితే పోటీ మొదలైంది. 11 గంటల వెలుతురు, 11 గంటల చీకటి ఇస్తే పొట్టి రోజువి గెలిచాయి. 15 గంటల వెలుతురు, 15 గంటల చీకటి ఇస్తే పొడుగు రోజువి గెలిచాయి. ఎవరి లోపలి రోజు బయటి రోజుకి దగ్గరగా ఉంటే వాళ్లు గెలిచారు. తర్వాత ఇంకో ప్రయోగంలో, ఎప్పుడూ వెలుతురే ఉంచితే, గడియారం చెడిపోయినవాటికి ఓటమి లేదని తేలింది.

ఈ ప్రయోగాన్ని నేను చాలాసార్లు తల్చుకున్నాను. 30 గంటల బ్యాక్టీరియా లోపమున్న బ్యాక్టీరియా కాదు. దాని లోకం వేరే చోట ఉంది, అంతే. లోపం జీవిలో లేదు, లోకంలో లేదు, రెండిటికీ పొత్తు కుదరకపోవడంలో ఉంది. బెంజర్ ల్యాబు భాషలో అది 'మ్యూటెంట్'. పరిణామం భాషలో అది చోటు తప్పినది. వీనర్ మొదటి భాష మాత్రమే మాట్లాడతాడు. అది నా ఫిర్యాదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా వింతగా ఉంటుంది. రోజు ఎప్పుడూ 24 గంటలు లేదు. చంద్రుడు లేపే ఆటుపోట్ల వల్ల భూమి తిరిగే వేగం నెమ్మదిగా తగ్గుతూ వస్తోంది. 1963లో జాన్ వెల్స్ అనే ఆయన దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి పగడపు శిలాజాల మీద రోజువారీ పెరుగుదల గీతలు లెక్కపెట్టాడు. ఏడాదికి సుమారు 400 వచ్చాయి. అంటే అప్పటి రోజు 22 గంటల దరిదాపుల్లో. పగడాలు డైరీ రాసుకున్నాయి, మనం ఆలస్యంగా చదివాం. ఈ మారుతున్న రోజుని జీవులు కోట్ల ఏళ్లుగా వెంబడిస్తూ వస్తున్నాయి. పైగా అందరూ ఒకే గడియారాన్ని వారసత్వంగా తెచ్చుకున్నట్టు కూడా లేదు. బ్యాక్టీరియా ప్రోటీన్లు వేరు, మొక్కలవి వేరు, బూజువి వేరు, ఈగకీ మనకీ మాత్రం దగ్గర చుట్టరికం. ప్రశ్న ఒకటే, జవాబులు వేర్వేరు ఇళ్లలో వేర్వేరుగా కనిపెట్టుకున్నారు.

మరి లోకంలో రోజే లేకపోతే? బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో పండు ఈగల మీద జరిగిన పని ఒకటుంది, షీబా, శర్మ, చంద్రశేఖరన్, జోషీలది. ఎప్పుడూ ఆరని వెలుతుర్లో, మారని వేడిలో 600 తరాలకు పైగా బతికిన ఈగలవి. పగలూ రాత్రీ అంటే ఏంటో తాత ముత్తాతలకి కూడా తెలియదు. వాటిని తీసుకెళ్లి చీకటి వెలుగుల్లో పెడితే, లయగా ప్యూపాల్లోంచి బయటికొచ్చాయి. చీకట్లోకి మార్చినా ఆ లయ ఉంది. 1999లో వచ్చిన పేపరు ఇది. ఇంకోపక్క సోమాలియా భూగర్భ జలాల్లో లక్షల ఏళ్లుగా చీకట్లో ఉన్న గుడ్డి చేప ఉంది. దాని గడియారం వెలుతుర్ని గుర్తుపట్టదు. మేతవేళలతో మాత్రం నడుస్తుంది, అదీ దాదాపు 47 గంటల రోజుతో. 600 తరాలకి పోనిది, లక్షల ఏళ్లకి సగం పోయింది. మరి మా టీమ్ లీడ్ ఇచ్చిన గడువు రెండు వారాలు!

మూడో గొడవ నిజానికి వీనర్‌తో కాదు, నాతో నాకు. ఇంత దూరం కాలిఫోర్నియా ల్యాబు కథ చదివినవాడిని, హైదరాబాద్‌లోనే యూనివర్సిటీస్ ప్రెస్ వేసిన ఇంకో పుస్తకం ఎందుకు చదవలేదు? ఎం.కె. చంద్రశేఖరన్ రాసిన 'టైమ్ ఇన్ ద లివింగ్ వరల్డ్'. 2005లో వచ్చింది. పైన బెంగళూరు పేపర్లో ఉన్న చంద్రశేఖరన్ ఈయనే. మద్రాసు తీరంలో ఇసుకలో దూరే పీతలకి పోటుపాట్ల లయ ఎలా తెలుస్తుందని చూడ్డంతో మొదలుపెట్టి, జర్మనీలో ఎర్విన్ బ్యునింగ్ దగ్గర పనిచేసి, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివితే రెండు స్వభావాలు కనిపిస్తాయి. వీనర్ నవలాకారుడు. మనుషులు, వాళ్ల పట్టుదలలు, పోటీలు, దొరికిన క్షణం. చంద్రశేఖరన్ పాఠం చెప్పే మేష్టారు. వాక్యంలో మెరుపులుండవు, కొన్ని పేజీలు క్లాసు నోట్సులా ఉంటాయి, నిజం చెప్పాలంటే రెండుసార్లు పక్కన పడేశాను. కానీ వీనర్ దగ్గర లేనిది ఒకటి ఆయన దగ్గర ఉంది. జంతువు బతికే చోటు. ల్యాబులోకి ఈగని తీసుకురావడం కాదు, గుహలోకి తానే వెళ్లడం.

మదురై దగ్గర సమణర్ కొండల గుహలో గబ్బిలాలు ఉంటాయి. సాయంత్రమైతే గుంపుగా మేతకి బయల్దేరతాయి. చంద్రశేఖరన్ బృందం కొన్ని గబ్బిలాల్ని పంజరాల్లో పెట్టి గమనించింది. మిగతా గబ్బిలాలు లేని చీకటి గుహలో ఒంటరిగా ఉంచితే, లోపలి గడియారం తన పాటికి తాను నడుస్తూ, బయటి రోజు నుంచి కొంచెం కొంచెంగా జారిపోయింది. అదే పంజరాన్ని గుంపు ఉన్న గుహలో పెడితే జారలేదు. గుహ లోపలికి వెలుతురు రాదు, పంజరంలోది బయటికి వెళ్లలేదు. అయినా చుట్టూ ఉన్నవాళ్లు లేచే సందడి, బయల్దేరే సందడి, తిరిగొచ్చే సందడితో దాని రోజు నిలబడింది. 1981లో వచ్చిన ఈ పేపరు ఆ రంగంలో బాగా పేరున్నది. సూర్యుడు లేకపోయినా సాటివాళ్లు గడియారం అవుతారని చెప్పింది.

ఇది చదివిన రోజు నాకు నైట్ షిఫ్టులో నిజంగా ఏం పోయిందో అర్థమైంది. నల్ల కర్టెన్లు వేసుకుని, ఏసీ పెట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవాణ్ణి. వెలుతుర్ని ఆపగలిగాను. ఎనిమిదింటికి వంటింట్లో కుక్కర్ విజిల్ ఆపలేకపోయాను. పదింటికి అమ్మ తలుపు సగం తీసి, "నాన్నా, లేచాక తిందువులే, నీకు టిఫిన్ మూతపెట్టి ఉంచా" అని గుసగుసగా చెప్పడం ఆపలేకపోయాను. ఆవిడ నా నిద్ర చెడగొట్టాలని కాదు. ఆ ఇంటి గుంపు లేచింది, గుంపులో ఒకడు లేవలేదు, ఆవిడకి తోచట్లేదు. సెలవురోజు వస్తే నేనూ ఆ గుంపుతోనే లేచేవాణ్ణి, ఎందుకంటే వారానికి రెండ్రోజులైనా అందరితో కూర్చుని అన్నం తినాలని ఉండేది. దాంతో వారమంతా కష్టపడి ఎంతోకొంత జరిపిన గడియారం మళ్లీ మొదటికొచ్చేది. రాత్రి పనిచేసేవాళ్లలో ఎక్కువమంది గడియారం పూర్తిగా తిరగబడకపోవడానికి ఇదో పెద్ద కారణం. పొద్దున ఇంటికెళ్లే దార్లో కళ్లలో పడే వెలుతురు, సెలవురోజుల్లో మన వాళ్లు. అది విల్ పవర్ సమస్య కాదు.

సరదా విషయం కూడా కాదు. శరీర లయలు చెదిరే నైట్ షిఫ్ట్ పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2007లో 'బహుశా కేన్సర్ కారకం' అనే వర్గంలో పెట్టింది, 2019లో మళ్లీ చూసి నైట్ షిఫ్ట్‌ని అదే వర్గంలో ఉంచింది. నైట్ చేసినవాళ్లందరికీ కేన్సర్ వస్తుందని దీనర్థం కాదు. కానీ 'అలవాటైపోతుంది' అనే మాట ఇక అంత తేలిగ్గా అనకూడదని మాత్రం అర్థం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ పుస్తకాల గురించి ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు, "మన పెద్దలకి ఇదంతా ఎప్పుడో తెలుసు, బ్రాహ్మీ ముహూర్తం అన్నారు, చింతచెట్టు ఆకులు ముడుచుకుంటే పొద్దుపోయినట్టే అన్నారు" అంటారు. చూడటం అందరికీ తెలుసు. చెట్టుకి 'నిద్ర'గన్నేరు అని పేరు పెట్టినవాళ్లు బాగా చూశారనడంలో అనుమానం లేదు. అలెగ్జాండర్ వెంట వచ్చిన ఆండ్రోస్థనీజ్ కూడా ఒక చెట్టు ఆకులు రాత్రి ముడుచుకోవడం గురించి రాశాడు. కానీ 1729లో ఫ్రాన్స్‌లో డి మెరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కని చీకట్లో పెట్టి చూశాడు. ఎండ లేకపోయినా ఆకులు పగలు తెరుచుకున్నాయి. అంతకుముందు అందరూ చూసినదాన్నే చూశాడు, కానీ ఒక తలుపు మూసి చూశాడు. చూడటానికీ అడగటానికీ మధ్య తేడా ఆ తలుపే. పొద్దున్నే లేవడం మంచిదని చెప్పడం నీతి. ఎవరు ఎందుకు లేవలేరో వెతకడం సైన్సు. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కుటుంబంలో సాయంత్రం ఏడున్నరకే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేవాళ్లలో, ఈగ పీరియడ్‌కి చుట్టమైన మనిషి జన్యువులో చిన్న తేడా దొరికింది. మన లెక్కలో వాళ్లు మహా క్రమశిక్షణ ఉన్నవాళ్లు అయ్యుండేవాళ్లు. పుణ్యం కాదది, ఒక అమైనో ఆమ్లం మారింది. రాత్రి ఆలస్యంగా నిద్రపట్టే కొందరిలో ఇంకో గడియారపు జన్యువులో తేడాని 2017లో చూపించారు.

అదే 2017లో గడియారం పనికి నోబెల్ వచ్చింది. జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్. ముగ్గురూ అర్హులే, పీరియడ్‌ని వేరుచేసి చక్రాన్ని విప్పింది వాళ్ల ల్యాబులే. ఇందులో హాల్ వీనర్ పుస్తకంలో మర్చిపోలేని పాత్ర. కానీ బెంజర్ 2007లోనే పోయాడు. కొనోప్కా 2015లో పోయాడు, నోబెల్‌కి రెండేళ్ల ముందు. సీసాలన్నీ వెతికి మూడు ఈగల్ని పట్టుకున్న ఆ మనిషికి కాల్‌టెక్‌లో పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు, పేపర్లు చాలినన్ని వేయలేదని. తర్వాత ఆయన పరిశోధనకే దూరమయ్యాడు. రెండోసారి చదివినప్పుడు ఈ సంగతులన్నీ తెలిసి చదివాను కాబట్టి, కుర్ర కొనోప్కా సీసాల ముందు కూర్చున్న పేజీలు మొదటిసారంత సరదాగా లేవు. 28 గంటల ఈగని ఓపిగ్గా అర్థం చేసుకున్న సంస్థ, తన వేగంతో పనిచేసే మనిషిని అర్థం చేసుకోలేకపోయింది. ఈగకి దొరికిన మర్యాద ఆయనకి దొరకలేదు. వీనర్ ఇవాళ రాస్తే పుస్తకం మధ్యలో ఉండాల్సింది ఈ మనిషేనని నా అభిప్రాయం.

చదవమంటారా అంటే, తప్పకుండా చదవండి. 'టైమ్, లవ్, మెమరీ' ముందు, 'టైమ్ ఇన్ ద లివింగ్ వరల్డ్' తర్వాత. మొదటిది ఒక్క వారాంతంలో అయిపోతుంది. రెండోదానికి ఓపిక కావాలి, గబ్బిలాల దాకా వెళ్లండి చాలు, మిగతాది అదే చదివిస్తుంది. తెలుగులో ఈ విషయం మీద ఇలాంటి పుస్తకం ఒకటి రావాలి. మన ఊళ్లలో రాత్రంతా మేలుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, కాల్ సెంటర్లలో, ఆస్పత్రుల్లో, టోల్ గేట్ల దగ్గర, ఏటీఎంల ముందు కుర్చీల్లో. వాళ్లు ఎవరికీ చదివే తీరిక లేకపోయినా, వాళ్ల గురించి 'అలవాటైపోతుంది' అని సంతకాలు పెట్టేవాళ్లన్నా చదువుతారు.

ఇప్పుడు నేను పొద్దున ఏడింటికి లేస్తున్నా. అలారం పెట్టుకునే. అమ్మతో కలిసి టిఫిన్ తింటున్నా. ఆఫీసుకి వెళ్తూ మలుపులో చూస్తే నిద్రగన్నేరు అప్పటికే పూర్తిగా విచ్చుకుని ఉంటుంది. మా ఆఫీసులో నైట్ టీమ్ ఇంకా ఉంది. పోయిన వారం అందులో కొత్తగా చేరిన అమ్మాయి లిఫ్టులో కనిపించి, "అన్నా, మీరు మూడేళ్లు చేశారట కదా, ఎన్నాళ్లకి అలవాటైంది?" అని అడిగింది.

"కాలేదమ్మా" అన్నాను. ఆ మాట వినగానే ఆమె మొహంలో కనిపించింది నిరాశ కాదు. హమ్మయ్య అనుకున్నట్టుంది.